వదిలిపోగలిగే చోటు, వదల్లేని చోటు: సమూహం, నాయకత్వం, సమాజం

(డిగ్రీ సోషియాలజీ విద్యార్థులు, అధ్యాపకులు, ఊరివారు కలిసి పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో ఉన్న పిల్లలంతా మొదటి సంవత్సరం వాళ్లని చెప్పారు. మీ సిలబస్‌లో సామాజిక సమూహాలు ఒక పాఠం, నాయకత్వం ఒక పాఠం, సమాజాల రకాలు ఇంకో పాఠం. మూడూ విడివిడిగా చదువుతారు, విడివిడిగానే రాస్తారు. నిర్వచనం, లక్షణాలు, రకాలు అని రాస్తే మార్కులు కూడా వస్తాయి. అందులో తప్పేం లేదు. కానీ మూడింటినీ కలిపి చూస్తే తప్ప ఈ శాస్త్రం మన బతుకుల గురించి ఏం చెబుతోందో తెలియదు. అందుకే ఇవాళ ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని ఆ మూడు పాఠాల్లోంచీ నడిచి వద్దామనుకుంటున్నాను.

ప్రశ్న ఇది. ఒక సమూహంలో ఉన్న మనిషికి అక్కడ నచ్చకపోతే వదిలి వెళ్లే వీలుందా? వెళితే ఏం పోగొట్టుకోవాలి? దీనికి జవాబు తెలిస్తే ఆ సమూహానికి ఎలాంటి నాయకులు ఉంటారో చాలావరకు ముందే చెప్పొచ్చని నా నమ్మకం. మనం ఎప్పుడూ నాయకుడి గుణాల దగ్గర మొదలుపెడతాం. ధైర్యం ఉందా, మాటకారి అవునా, నిజాయితీ ఉందా అని. అవన్నీ అవసరమే. కానీ అదే మనిషిని ఒక చోట పెడితే అందరినీ అడిగి నడుచుకుంటాడు, ఇంకో చోట పెడితే కర్ర పట్టుకుంటాడు. మనిషి మారలేదు. చుట్టూ ఉన్నవాళ్లకు దారి ఉందా లేదా అన్నది మారింది.

సమూహాల పాఠంలో మొదట వచ్చే పేరు చార్లెస్ హార్టన్ కూలీ. అమెరికా సమాజ శాస్త్రవేత్త. 1909లో ప్రాథమిక సమూహం అనే భావన ఇచ్చాడు. కుటుంబం, చిన్ననాటి ఆటల జట్టు, ఇరుగుపొరుగు ఇందులోకి వస్తాయి. ముఖాముఖి పరిచయం, ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలియడం, ‘మనం’ అన్న భావన దీని గుర్తులు. దీనికి భిన్నంగా ఒక పని కోసం, ఒక నియమావళి ప్రకారం ఏర్పడేవాటిని తర్వాతివాళ్లు ద్వితీయ సమూహాలన్నారు. బ్యాంకు, ఆఫీసు, యూనియన్, పార్టీ లాంటివి. ఇంతవరకు మీకు తెలిసిందే. అయితే చాలామంది విద్యార్థులు ప్రాథమిక సమూహం అనగానే ప్రేమ, ఆప్యాయత అని రాసి వదిలేస్తారు. కూలీ అలా అనలేదు. అందులో పోటీ ఉంటుందని, పట్టుదలలుంటాయని, అది ఒట్టి సామరస్యం కాదని ఆయనే రాశాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. ఎవరికైనా బాగా దగ్గరగా ఉన్నవాళ్లే బాగా బాధపెట్టగలరు. పైగా మనం అంత తేలిగ్గా వదిలి రాలేని సమూహాలు కూడా ఇవే.

ఇక సమాజాల రకాలు. వేట, ఆహార సేకరణ మీద బతికేవి, పోడు లాంటి చిన్న సేద్యం చేసేవి, పశుపోషణవి, నాగలి వ్యవసాయానివి, పారిశ్రామికం, ఆ తర్వాతిది అని పుస్తకంలో ఒక వరస ఉంటుంది. అమెరికాలో గెర్హార్డ్ లెన్‌స్కీ లాంటివాళ్లు మనుషులు తిండి సంపాదించే పద్ధతిని బట్టి చేసిన విభజన ఇది. దీన్ని మెట్ల వరసలా చదవొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కింద మెట్టు మీద ఉన్నవాళ్లు మన గతం, మనం వాళ్ల భవిష్యత్తు అనుకోవడం పొరపాటు. నల్లమలలో చెంచులు ఉన్నారు, గోదావరి కొండల్లో పోడు చేసిన కొండరెడ్లు ఉన్నారు, డెల్టాలో వరి రైతులు ఉన్నారు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు. అందరిదీ ఒకే కాలం. అందరికీ అదే రేషన్ కార్డు, అదే ఓటు.

చెంచుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ వాళ్లకు శత్రుదేశపు పౌరుడు. అందుకని నిజాం రాజ్యం దాటిపోకూడదని కట్టడి పెట్టారు. ఆ కట్టడి కాలంలోనే ఆయన నల్లమలకు వెళ్లి చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో వాళ్ల మీద ఆయన పుస్తకం వచ్చింది. తర్వాత కొండరెడ్ల మీద, గోండుల మీద కూడా రాశాడు.

చెంచులు తమ చిన్న ఊరిని పెంట అంటారు. ఆయన చూసిన చెంచు పెంట చాలా చిన్నది. కొన్ని కుటుంబాలు, కొన్ని గుడిసెలు. గడ్డలు తవ్వుకోవడం, కాయలు, పళ్లు, ఇప్పపువ్వు, తేనె, కొంత వేట. నిల్వ చేసుకునేది చాలా తక్కువ. ప్రతి పెంటకూ ఒక పెద్దమనిషి ఉంటాడు. తగాదా వస్తే నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. కానీ ఆయన మాట వినకపోతే శిక్షించడానికి చేతిలో ఏమీ లేదు. బంట్రోతు లేడు, జైలు లేదు, లాక్కోవడానికి భూమి లేదు. నచ్చని కుటుంబం గిన్నెలు సర్దుకుని అత్తవారి పెంటకో, అమ్మగారి పెంటకో వెళ్లిపోతుంది. అక్కడా అడవి ఉంది, అక్కడా చుట్టాలున్నారు. అలాంటి చోట పెద్దమనిషికి మిగిలే దారి ఒప్పించడం ఒక్కటే. ఆయన మంచితనం సంగతి తర్వాత. వినకపోతే మనుషులే మిగలరు కదా!

అదే చెంచుల్లో ఇంకో సంగతి ఉంది. కొండ చరియకు పట్టిన తేనెపట్టు తీయాలంటే పైనుంచి తాడు కట్టుకుని దిగాలి. పైన తాడు పట్టుకునేది ఎవరు? సొంత అన్నో తమ్ముడో కాదు, బావమరిదికి అప్పగిస్తారు. తన అక్కచెల్లెలు ముండమోయకూడదని అతను ప్రాణం పెట్టి పట్టుకుంటాడని చెబుతారు. చూడండి, ప్రాథమిక సమూహంలో కూడా నమ్మకం అందరి మీదా ఒకేలా ఉండదు. ఎవరికి ఎవరి వల్ల ఏం నష్టమో లెక్క వేసుకునే తాడు ఎవరి చేతికివ్వాలో తేలుస్తారు. కూలీ చెప్పిన ‘మనం’ లోపల ఇన్ని మడతలున్నాయి.

ఇప్పుడు అడవి దిగి ఊళ్లోకి వద్దాం. శామీర్‌పేట. ఇప్పుడక్కడ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ అన్నీ వచ్చాయి గానీ, 1950ల మొదట్లో అది మామూలు తెలంగాణ పల్లె. ఉస్మానియాలో పనిచేస్తున్న మానవ శాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే తన బృందంతో ఆ ఊరిని అధ్యయనం చేసి 1955లో ప్రచురించాడు. భారతదేశపు గ్రామాల మీద వచ్చిన తొలి పూర్తిస్థాయి అధ్యయనాల్లో అదొకటి. మన తెలుగు పల్లె గురించి ప్రపంచమంతా చదివింది. కులాల మధ్య పనుల కట్టుబాట్లు, కులపెద్దలు, ఊరి పంచాయతీ, వీటన్నిటి మీదా నిలబడ్డ పెద్దరికం అందులో కనిపిస్తాయి.

నాగలి వ్యవసాయం వచ్చాక ఏం మారింది? భూమికి విలువ వచ్చింది. నిల్వ ధాన్యం వచ్చింది. మనిషి కదల్లేని స్థితి కూడా దాంతోనే వచ్చింది. కౌలు చేసుకునేవాడు చేలో పంట వదిలి ఎక్కడికి పోతాడు? అప్పు పత్రం దొర దగ్గర ఉన్న కూలీ ఎక్కడికి పోతాడు? నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ అలా నడిచింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఒక్కొక్క కులం దొర గడీకి ఏమేం ఊరికే చేసిపెట్టాలో లెక్క ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద భూస్వామి పేరు ఇప్పటికీ ఎందుకు వినబడుతుందంటే, ఎదురు తిరిగిన మనిషికి పోవడానికి ఇంకో చోటు లేకుండా చేయగలిగిన అధికారం అది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథను నేను ఈ కోణంలోంచే చూస్తాను. ఆమె కౌలుకు తీసుకుని సాగు చేసిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోబోయారు. భూమి వదిలేసి ఊరు మారితే బతుకు పోతుంది, ఉంటే ప్రాణం పోవచ్చు. ఆమె ఉండిపోయింది. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు, అప్పటికి జనం ‘సంగం’ అని పిలుచుకునే వాళ్లు, ఆమె వెంట నిలబడి పంట కోసి ధాన్యం ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక ఆ పోరాటం ఇంకో మలుపు తిరిగింది. వదిలిపోయే వీలు లేని చోట పైన నిరంకుశత్వం పెరుగుతుంది, కింద సంగం పుడుతుంది. ఐలమ్మ లాంటి నాయకురాలు ఆ రెండింటి మధ్య నలిగిన చోటులోంచే వచ్చింది.

అధికారం గురించి చెప్పేటప్పుడు జర్మన్ సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్‌ను దాటి వెళ్లలేం. జనం ఎందుకు ఒప్పుకుంటారు అన్నదాన్ని బట్టి ఆయన మూడు రకాలు చెప్పాడు. తాతల నాటి నుంచి వస్తోంది కాబట్టి ఒప్పుకునేది సంప్రదాయాధికారం. ఆ మనిషిలో ఏదో అసాధారణ శక్తి ఉందని నమ్మి ఒప్పుకునేది సమ్మోహనాధికారం. చట్టం ఆ కుర్చీకి ఇచ్చింది కాబట్టి ఒప్పుకునేది చట్టబద్ధ అధికారం. పరీక్షలో ఈ మూడింటికీ ఉదాహరణలు రాయమంటే రాజు, గాంధీ, కలెక్టర్ అని రాస్తారు. మన దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల పదవులు రద్దు చేసింది. తెలంగాణలో పటేల్, పట్వారీలు పోయిందీ ఆ ప్రభుత్వ కాలంలోనే. ఊరి భూమి లెక్క తరతరాలుగా ఒక ఇంట్లో ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరిదో ఆ ఇంటి అరుగు మీద తేలేది. ఒక ఆర్డినెన్సుతో ఎన్టీఆర్ సమ్మోహనాధికారం చేత కరణాల సంప్రదాయాధికారం పోయి దాని చోట చట్టబద్ధ అధికారం వచ్చి కూర్చుంది. ఒక్క సంఘటనలో వెబర్ చెప్పిన మూడూ ఉన్నాయి. అయితే పదవి పోయినంత తొందరగా పలుకుబడి పోలేదు. చాలా ఊళ్లలో దస్తావేజు రాయించుకోవడానికి జనం ఆ తర్వాత కూడా ఆ అరుగు దగ్గరికే వెళ్లారు, ఎందుకంటే చదవడం, రాయడం తెలిసిన ఇల్లు అదే.

నాయకత్వ శైలుల మీద తరచుగా చెప్పే ప్రయోగం 1938–39లో అమెరికాలోని అయోవాలో జరిగింది. చేసినవాళ్లు కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు. పదేళ్ల పిల్లల్ని చిన్న క్లబ్బులుగా చేసి మాస్కులు తయారుచేయడం లాంటి పనులిచ్చారు. ఒక చోట పెద్దాయన అన్నీ తనే శాసిస్తాడు, ఒక చోట పిల్లలతో చర్చించి నిర్ణయిస్తాడు, ఒక చోట పట్టించుకోడు. శాసించిన చోట పని బాగానే జరిగింది. కానీ ఆయన గదిలోంచి బయటికి వెళ్లగానే పని ఆగిపోయింది. పైగా పిల్లలు తమలో ఒకడిని పట్టుకుని వాడి మీద కసి తీర్చుకోవడం కనిపించింది. చర్చించిన చోట ఆయన లేకపోయినా పని సాగింది. ఈ ప్రయోగానికి ఒక పరిమితి ఉందని మాత్రం చెప్పాలి. అక్కడ పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. గడీలో వెట్టి చేసేవాడు ఇంటికి వెళ్లినా ఆ దొర ఊళ్లోనే ఉంటాడు.

ఇప్పుడు దూబగుంటకు వద్దాం. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో చిన్న ఊరు. నన్నడిగితే ఆధునిక తెలుగు చరిత్రలో సమూహం ఎలా పుడుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిపూట పని ముగించుకుని ఆడవాళ్లు పలక పట్టుకుని కూర్చునేవాళ్లు. అంతకుముందు వాళ్లు ఒకరికొకరు తెలియనివాళ్లేం కాదు. ఒకే వీధి, ఒకే బోరింగు. కానీ మొగుడు తాగి వచ్చి కొట్టడమనేది ఎవరింట్లో వాళ్ల సంగతి. గోడ అవతల ఏడుపు వినబడినా ‘వాళ్ల గొడవ వాళ్లది’ అనుకుని తలుపేసుకునేవాళ్లు. రాత్రి బడిలో వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల కుటుంబం నాశనమైన ఆడమనిషి కథ. ఆ పాఠం చదివాక ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకున్నారు. పదిమంది పది సొంత కష్టాలనుకున్నది ఒకటే కష్టమని ఆ గదిలో తేలింది. సమాజ శాస్త్రంలో గుంపుకూ సమూహానికీ తేడా అంటూ పేజీలు రాస్తాం, అది ఆ గదిలో జరిగింది.

మరి వదిలిపోయే వీలు? వాళ్లకు అస్సలు లేదు. మొగుణ్ని వదల్లేరు, పిల్లల్ని వదల్లేరు, ఊరు వదల్లేరు. అందుకని ఊళ్లోంచి సారా దుకాణాన్నే పంపించేశారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది, ఆమె తర్వాత దూబగుంట రోశమ్మగానే గుర్తుండిపోయింది. ఆ విజయాన్ని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి వాచకంలో పెట్టారు. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది ఇంకో ఊరి ఆడవాళ్లు అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. రిఫరెన్స్ గ్రూప్ అని మీ పుస్తకంలో ఉంటుంది, తాను సభ్యుడు కాకపోయినా మనిషి తనను పోల్చి చూసుకునే సమూహం. కోవూరులో, ఆత్మకూరులో ఉన్న ఆడమనిషికి దూబగుంట అలాంటి సమూహమైంది. జిల్లాలో సారా వేలంపాటలు జరపలేని పరిస్థితి వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడం ఎలా సాధ్యమైందన్నది ఇంకో ఉపన్యాసం. ఒక్క మాట చెబుతాను. సారా దుకాణం ఊళ్లో ఉన్నంతకాలం ఎదుట నిలబడటానికి ఒక చోటు ఉండేది. నిర్ణయం సెక్రటేరియట్‌కు వెళ్లిపోయాక ఆ ఆడవాళ్లకు నిలబడే చోటు లేకుండా పోయింది.

ఆ సమూహాల్లో చాలావాటి శక్తి పొదుపు సంఘాలుగా మారింది. నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి, ఆ తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా గ్రూపులు. అదే 1992లో నాబార్డు అనే గ్రామీణాభివృద్ధి బ్యాంకు దేశంలో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం, అంటే సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే ప్రయోగం, మొదలుపెట్టింది. ఇవాళ ఈ హాల్లో ఉన్న అమ్మల్లో సంఘంలో లేనివాళ్లు ఎంతమంది? చూడండి, చేతులు లేవడం లేదు.

ఒక సంఘం పదిమందితోనో పదిహేనుమందితోనో ఎందుకుంటుంది? ఇరవై దాటకపోవడానికి మొదట్లో ఒక చట్టపు కారణం ఉండేది. 1956 కంపెనీల చట్టం ప్రకారం ఇరవై మందికి మించి కలిసి వ్యాపారం చేస్తే రిజిస్టర్ చేసుకోవాల్సి ఉండేది. కానీ దాని వెనక ఒక సామాజిక కారణం కూడా ఉంది. జార్జ్ జిమ్మెల్ అనే జర్మన్ పండితుడు సమూహంలో సంఖ్య మారితే స్వభావమే మారిపోతుందన్నాడు. ఇద్దరున్న చోట ఒకరు వెళ్లిపోతే సమూహమే లేదు. మూడో మనిషి రాగానే మధ్యవర్తి పుడతాడు, ముఠా కూడా పుడుతుంది. పదిహేనుమంది దాకా ఒకరి ఇంటి పరిస్థితి ఒకరికి తెలుస్తుంది. యాభై అయితే పుస్తకం చూడాల్సిందే.

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో సంఘం మీటింగు చూశాను. తీర్మానాల పుస్తకం మధ్యలో ఉంది, యానిమేటరమ్మాయి రాస్తోంది. బ్యాంకు లోను వచ్చింది, ముందు ఎవరికివ్వాలన్నది తేలాలి. ఒకామెకు గేదె కావాలి, ఇంకొకామెకు కూతురి కాలేజీ ఫీజు. లీడరు వరస ప్రకారం గేదె పేరు చదివింది. మూలన కూర్చున్న పెద్దావిడ, ఏ పదవీ లేని మనిషి, ‘నీ గేదె యాడికీ పోదు గానీ అమ్మాయ్, దాని ఫీజు గడువు ఈ నెలాఖరే కదా’ అంది. గేదె అడిగినామె ఒక్క క్షణం ముఖం ముడుచుకుని, ‘సరేలే వదినా, ముందు దానికే రాయించు’ అంది. పుస్తకంలో తీర్మానం లీడరు పేరు మీదే పడింది.

1950లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బేల్స్ అనే పరిశోధకుడు చిన్న సమూహాలను గమనించి చెప్పింది ఇదే. సమూహంలో తరచుగా ఇద్దరు నాయకులు తయారవుతారు. ఒకరు పని నడిపిస్తారు, ఒకరు మనసులు కలిపి ఉంచుతారు. సంఘంలో బ్యాంకుకు వెళ్లి మేనేజరుతో మాట్లాడే లీడరు ఉంటుంది, ముఖాలు ముడుచుకోకుండా చూసే పెద్దావిడ ఉంటుంది. ప్రభుత్వం శిక్షణ మాత్రం మొదటి రకానికే ఇస్తుంది. రెండో రకం వెళ్లిపోయిన సంఘాలు ఎందుకు విడిపోయాయో రికార్డుల్లో కనిపించదు.

చేదు సంగతి కూడా చెప్పాలి. ఒకరికొకరు జామీను అన్న పద్ధతి నమ్మకం మీద నిలబడింది. 2000ల చివర్లో పేదలకు చిన్న అప్పులిచ్చే ప్రైవేటు మైక్రోఫైనాన్స్ సంస్థలు ఆ నమ్మకాన్నే తాకట్టుగా వాడుకున్నాయి. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లందరినీ ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టారు. డబ్బు వచ్చేదాకా కదలొద్దన్నారు. నిన్నటిదాకా ఫీజు కట్టడానికి సాయపడ్డ వదినే ఇవాళ గుమ్మంలో కూర్చుని తిట్టాల్సి వచ్చింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ప్రాథమిక సమూహంలో ప్రేమ ఒక్కటే ఉండదని మొదట్లో అన్నాను కదా. అప్పు తీరేదాకా వదిలిపోలేని సమూహం, దానికి బయటి శక్తి తోడైతే, ఎంత క్రూరంగా మారగలదో మన ఆడపడుచులు అనుభవించి చూపించారు. దాన్ని గురించి మాట్లాడేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పట్టణ, పారిశ్రామిక సమాజాల గురించి తొందరగా చెప్పేస్తాను. జర్మనీలో టోనీస్ 1887లో, ఫ్రాన్స్‌లో దుర్ఖైమ్ 1893లో, ఇద్దరూ సమాజ శాస్త్రవేత్తలే, మనుషులు దేని మీద కలిసి ఉంటారన్న దాని గురించి రాశారు. అందరూ ఒకే పని, ఒకే నమ్మకం మీద కలిసి ఉండటం ఒక రకం. ఒకరి పని లేకుండా ఇంకొకరికి గడవదు కాబట్టి కలిసి ఉండటం రెండో రకం. రెండోదానిలో వదిలిపోవడం తేలిక. కంపెనీ నచ్చకపోతే నోటీసు పీరియడ్ ముగించుకుని ఇంకో కంపెనీకి వెళ్తాం. స్వచ్ఛంద సంఘాల్లో అయితే ఇంకా తేలిక. అమెరికాలో తెలుగువాళ్ల సంఘాలు చూడండి. 1977లో తానా, 1990ల మొదట్లో ఆటా, తర్వాత నాట్స్, నాటా. అక్కడ కలిసి ఉండకపోతే ఎవరికీ తిండి పోదు. అందుకని అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఇంకో సంఘం పెట్టుకునే వీలుంది. దీన్ని చాలామంది తెలుగువాళ్ల అనైక్యత అంటారు. నేను ఒప్పుకోను. వదిలిపోగలిగే చోట జరిగేది అదే, ఏ జాతివాళ్లయినా.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, కులం కూడా సమూహమే కదా. దాన్ని వదిలిపోవడం కుదరదు. మరి అక్కడ నాయకత్వం ఎలా ఉంటుంది?)

మంచి ప్రశ్నమ్మా, నేను చెప్పకుండా దాటేసిన చోటే పట్టుకున్నావు. 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో అంబేడ్కర్ కులాన్ని తలుపులు మూసుకున్న వర్గం అన్నాడు. పుట్టుకతో వచ్చింది, పెళ్లితో బిగిసింది. దాన్ని ఒంటరిగా వదిలిపోదామంటే ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది, అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు నీకే తెలుస్తుంది. అందుకే అంబేడ్కర్ నాయకత్వాన్ని నేను వేరుగా చూస్తాను. 1935లో మహారాష్ట్రలోని యేవలాలో హిందువుగా చనిపోనని ప్రకటించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకుని బయటికి నడిచాడు. సాధారణంగా నాయకులు మనుషుల్ని లోపల నిలబెట్టుకోవాలని చూస్తారు. ఆయన బయటికి దారి వేశాడు, అదీ అందరితో కలిసి.

మన దగ్గర కారంచేడు ఉంది, చీరాల దగ్గరి ఊరు. 1985 జూలై 16న మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ మర్నాటికి ఊచకోత అయింది. ఊరి భూస్వామి కులంవాళ్లు ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు ఊరు వదిలి చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. రాజీపడి తిరిగి రమ్మన్నారు. కూలి పనులు ఆ ఊళ్లోనే, ఇళ్లు ఆ ఊళ్లోనే. అయినా వెళ్లలేదు. తరతరాలుగా వదల్లేని ఊరిని అందరూ కలిసి ఒక్కసారిగా వదిలేశారు, పొలం పని చేయడానికి చేతులు లేక ఊరి పెద్దలకు అప్పుడు తెలిసింది ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో. ఆ శిబిరం చుట్టూ కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి దళిత నాయకులు పనిచేశారు, దళిత మహాసభ ఏర్పడింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి పనిచేసిన ఒత్తిళ్లలో కారంచేడు ఒకటి. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. శిబిరంలో మొదటి వారం అన్నం వండి పెట్టిన ఆడవాళ్లు, లెక్కలు రాసిన కుర్రాళ్లు ఎవరో మాత్రం మనం సరిగా రాసిపెట్టుకోలేదు. నువ్వు ప్రాజెక్టు వర్కు చేయాలనుకుంటే చీరాల వెళ్లమ్మా. వాళ్లలో కొందరు ఇంకా ఉంటారు, వెళ్లి అడిగి రాసుకో.